ఒప్పుకునేదాకా

సుత్తి చప్పుడు వినబడితే ఆయన చెంప పట్టుకునేవాడు. పన్ను నొప్పి ఉన్నవాడు చల్లనీళ్ళు తాగినప్పుడు పట్టుకుంటాడే, అట్లా. పక్క షెడ్డులో ఎవరో లారీ పట్టీలు కొడుతున్నా సరే, పని ఆపి, నూనె చెయ్యి చెంపకు ఆనించుకొని, ఆ చప్పుడు ఆగేదాకా కదలకుండా నిలబడేవాడు. అందువల్ల ఆయన ఎడమ చెంప మీద ఎప్పుడూ నల్లటి మరక ఉండేది. ఆదివారం పొద్దున సబ్బు పెట్టి ఎంత రుద్దుకొని వచ్చినా దాని నీడ పోయేది కాదు.

మొన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక సర్వీసు సెంటరులో మా అమ్మాయి కారు కోసం కూర్చొని ఉన్నాను. అద్దాల గది, ఏసీ, కాఫీ మిషను. లోపలినుంచి ఇనుము మీద ఇనుము పడే చప్పుడు వచ్చింది. నా చెయ్యి దానంతట అదే చెంప మీదికి పోయింది. పక్కన కూర్చున్న అమ్మాయి చూసి, పన్ను నొప్పా అంకుల్ అని అడిగింది. కాదమ్మా అన్నాను గానీ, మరి ఏమిటో చెప్పలేకపోయాను. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి నేను ఎవరికీ సరిగా చెప్పలేదన్న సంగతి ఆ గదిలోనే తట్టింది.

ఆయన పేరు రాయను. నలుగురి ముందు ఒక మనిషి పేరు పెట్టి మాట్లాడితే ఏమవుతుందో ఆయన జీవితంలోనే చూశాను.

హొసకోటెలో పాత మద్రాసు రోడ్డుకు ఆనుకొని ఆయన మెకానిక్ షెడ్డు ఉండేది. ఆయన, ఆయన తమ్ముడు ఇద్దరూ కలిసి పని చేసేవారు. వాళ్ళ తాత హిందూపురం వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. వాళ్ళ తెలుగులో సగం కన్నడ ఉండేది. నేను ప్రకాశం జిల్లానుంచి ఇక్కడి బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చినవాణ్ణి, మా ఆవిడ నర్సు. వాళ్ళ తెలుగు విని మేము నవ్వుకునేవాళ్ళం, మా తెలుగు విని వాళ్ళు మా ఎదుటే నవ్వేవారు. మమ్మల్ని ఒక చోట చేర్చింది మా క్రైస్తవ సంఘం. సంఘంలో ఆయనను అందరూ మేస్త్రన్న అనేవారు. తమ్ముణ్ణి తమ్ముడనే అనేవారు. అన్న ఉన్నచోట తమ్ముడికి వేరే పేరు అవసరం ఉండేది కాదు.

మేస్త్రన్న దేనికైనా ప్రార్థన చేసేవాడు. అన్నం ముందు అందరం చేస్తాం. ఆయన టీ ముందు కూడా చేసేవాడు, ఆ ప్రార్థన చిన్నదిగా ఉండేది కాదు. టీ పండించిన కొండలనుంచి మొదలుపెట్టి, మోసుకొచ్చిన లారీని, ఆ లారీ డ్రైవరును, వాడి పిల్లలను దీవించి, చివరికి ఎదురుగా ఉన్న గ్లాసు దగ్గరికి వచ్చేవాడు. తమ్ముడు అప్పటికి తన టీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించేసేవాడు.

"మా అన్న ఆమెన్ అనేలోపల టీ మీద మీగడ కట్టి, దాని మీద ఈగ వాలి, ఆ ఈగ కూడా మారుమనసు పొంది ఎగిరిపోతాది సారూ" అని ఒకసారి నాతో అన్నాడు. మేస్త్రన్న కళ్ళు మూసుకునే నవ్వాడు. నవ్వుతూనే ప్రార్థన కొనసాగించాడు.

తమ్ముడిది చురుకు చెయ్యి. అన్న ఒక బోల్టు విప్పేలోగా తమ్ముడు నాలుగు విప్పేవాడు. ఆదివారం ఆరాధనలో డోలక్ అతనిదే. అతను డోలక్ ముందు కూర్చుంటే ముసలమ్మలకు కూడా చప్పట్లు ఆగేవి కావు. మా అన్నకి నేను కొట్టేది ఆదివారం ఒక్కనాడే సరిపోతాది, తక్కిన దినాలు నేను ఏం కొట్టినా చెంప పట్టుకుంటాడు అని అతను అందరితో అనేవాడు.

సంఘానికి ఒక పాత డీజిల్ వ్యాను ఉండేది, ఎవరో విశ్వాసి ఇచ్చింది. ఆదివారాలు బెళ్ళందూరు వైపు కట్టడాల దగ్గర ఉండే మనవాళ్ళ కుటుంబాలను ఎక్కించుకొని రావడం, ఆరాధన అయ్యాక దింపిరావడం నా పని. ఆ వ్యానుకు పవర్ స్టీరింగ్ ఉంది. తొంభైలలో అదొక వింత. ఒక వేలితో తిప్పి చూపించి నేను కూడా కొంచెం గొప్పలు పోయాను. ఒక వేసవిలో తిప్పినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. మేస్త్రన్న బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, స్టీరింగుకు బలమిచ్చే పంపు అరిగిపోయిందన్నాడు. కొత్త పంపు తెప్పించాడు. పాత పంపు మీద ఉన్న పుల్లీని, అంటే బెల్టు తిప్పే చక్రాన్ని, ఊడదీసి కొత్త పంపుకు ఎక్కించాలి. ఆ పని నేను స్టూలు మీద కూర్చొని చూశాను.

ఆ పుల్లీకి నట్టు లేదు, లోపల జారకుండా పట్టే కీ లేదు. నడిమి రంధ్రం పంపు కడ్డీ కన్నా వెంట్రుకవాసి చిన్నది, ఆ బిగువే దాన్ని పట్టి ఉంచాలి. కడ్డీ కొనలో లోపలికి మరలు ఉంటాయి. మేస్త్రన్న దగ్గర దానికోసం ఒక టూలు ఉండేది. లేతు పట్టించి తనే చేయించుకున్నాడు. పొడుగాటి బోల్టు, దాని మీద లావుపాటి నట్టు, మధ్య ఒక బేరింగు, అంతే. దాన్ని షెడ్డులో ఉంచేవాడు కాదు, స్కూటర్ డిక్కీలో గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. షెడ్డులో ఉంటే ఎవడో ఒకడు దాన్నే పట్టుకొని దేన్నో ఒకదాన్ని కొడతాడని ఆయన భయం.

బోల్టును కడ్డీ మరల్లోకి వేళ్ళతోనే చివరంటా తిప్పాడు. అప్పుడు ఒక పానాతో బోల్టు తల కదలకుండా పట్టుకొని, ఇంకో పానాతో నట్టు తిప్పడం మొదలుపెట్టాడు. నట్టు తిరిగే కొద్దీ పుల్లీ కడ్డీ మీదికి జరుగుతోంది. జరుగుతున్నట్టు కంటికి కనపడదు. కాసేపు తిప్పి ఆపి, స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూసి, మళ్ళీ తిప్పేవాడు. నాకు ఓపిక చాలలేదు. రెండు దెబ్బలు వేస్తే ఎక్కదా అన్నాను. అవతల కారు కింద పడుకొని ఉన్న తమ్ముడు, అడగండి సారూ, మీరైనా అడగండి అన్నాడు.

మేస్త్రన్న పానా తీయలేదు. "ఎక్కుతాది సారూ, ఎక్కకేం. బయటికి బాగుంటాది. కొట్టిన దెబ్బ కడ్డీలోనుంచి లోపలికి పోతాది, పంపు లోపల చస్తాది. అది మనకి ఆ పొద్దు కనపడదు. దీన్ని ఒప్పించాల. అది ఒప్పుకునేదాకా తిప్పతా ఉండాల."

ఆ మాట విని నేను నవ్వాను. మా సంఘంలో ఒప్పుకోవడం అంటే పాపం ఒప్పుకోవడమే. చిన్నప్పటినుంచి ఆ మాటను మోకాళ్ళ మీద ఉన్నప్పుడే విన్నాను. ఈయన దాన్ని తెచ్చి ఇనప చక్రానికి పెట్టాడు. తరువాత చాలా ఆదివారాలు పిల్లలకు పాఠం చెబుతూ ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు, నాకు ఆ నట్టు తిరగడమే కనబడేది.

అన్నదమ్ములు విడిపోయింది కూడా అట్లాంటి పుల్లీ వల్లనే.

సంఘంలో ఒక కుటుంబానికి పెద్ద బండి ఉండేది. మదనపల్లెలో పెళ్ళికి పోతూ, దాని పంపు మార్పించుకోవడానికి షెడ్డుకు తెచ్చారు. ఆ రోజు శుక్రవారం, మందిరంలో ఉపవాస ప్రార్థన. మేస్త్రన్న మందిరానికి వెళ్ళాడు, పని తమ్ముడు చేశాడు. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించాడు. ఆ కుటుంబం పెళ్ళి చూసుకొని తిరిగి వస్తుండగా కోలారు దగ్గర మలుపులో పంపు బిగుసుకుపోయి, పుల్లీ ఊడి, బెల్టు తెగింది. స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలాగా అయిపోయింది. బండి రోడ్డు దిగి మట్టి కట్టకు ఆనుకొని ఆగింది. అవతల పక్క లోతైన గుంట. లోపల ముసలాళ్ళు, పసిపిల్లలు ఉన్నారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో మేస్త్రన్న లేచాడు. మా దగ్గర ఇది ఎప్పటినుంచో ఉన్న ఆచారం. వారంలో దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆయన చాలా అరుదుగా లేచేవాడు. ఆ రోజు ఆయన కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి. ఆ కుటుంబాన్ని కాపాడినందుకు స్తోత్రం చెప్పాడు. తమ్ముణ్ణి పేరు పెట్టి చెప్పాడు. నా తమ్ముడు సుత్తితో కొట్టి చంపిన బండిని దేవుడు తన చేత్తో పట్టుకున్నాడు అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు, నేనూ అన్నాను. అన్న తరువాత అందరి తలలూ ముందు వరుసలో డోలక్ దగ్గర కూర్చున్న తమ్ముడి వైపు తిరిగాయి.

తమ్ముడు డోలక్‌ను ఒళ్ళోనుంచి తీసి, చాప మీద మెల్లగా పెట్టి, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య ఉన్న దారిలోనుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. మేస్త్రన్న అప్పటికింకా మైకు దగ్గరే ఉన్నాడు. ఏం జరిగిందో ఆయనకు తెలియలేదు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "దేవుని మహిమే కదా సారూ నేను చెప్పింది?" అని అడిగాడు. అవునన్నాను. అప్పటికి నాకూ అట్లాగే అనిపించింది.

తమ్ముడు మళ్ళీ మందిరానికి రాలేదు. షెడ్డుకు వచ్చేవాళ్ళు, మా బండి మీద చెయ్యి పెట్టేది నువ్వా, నీ తమ్ముడా అని మేస్త్రన్నను అడగడం మొదలుపెట్టారు. తమ్ముడు ఆ మాటలు వింటూ కొన్నాళ్ళు పని చేశాడు. తరువాత తన పానాలు సంచిలో వేసుకొని బెళ్ళందూరు పోయి, రింగ్ రోడ్డు పక్కన సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. మేస్త్రన్న వెళ్ళి బతిమాలాడు. తమ్ముడు కుర్చీ వేసేవాడు, టీ తెప్పించేవాడు, మాట్లాడేవాడు కాదు.

అప్పటినుంచి మేస్త్రన్న ప్రభువు బల్లలో పాలుపొందడం మానేశాడు.

మా సంఘంలో నెలకొకసారి, ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ, ఆ బల్ల దగ్గర రొట్టె విరుస్తాం. పళ్ళెం వరుసలో చేతినుంచి చేతికి వస్తుంది. వ్యాను కోసం నేను తలుపు దగ్గర చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి. ఆయన కూడా వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. పళ్ళెం వస్తే రెండు చేతులతో అందుకునేవాడు. కాసేపు అందులోకి చూసేవాడు. పెదవులు కదిలేవి. తరువాత పళ్ళేన్ని నాకు ఇచ్చేవాడు. ద్రాక్షరసం పాత్ర వచ్చినప్పుడూ అంతే. ఆ కాసేపట్లో ఏమంటున్నాడో ఒకసారి వినబడింది. తమ్ముడి పేరు, అంతకన్నా ఏమీ లేదు.

అర్పణ తెచ్చినవాడు, తన సహోదరుడికి తన మీద బాధ ఉందని గుర్తొస్తే, ఆ అర్పణను అక్కడే విడిచి ముందు పోయి సమాధానపడి రావాలని ప్రభువు చెప్పిన సంగతి మాకందరికీ తెలుసు. దాని మీద నేను పిల్లలకు పాఠం కూడా చెప్పాను. అయినా దాన్ని అంత సూటిగా తీసుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నెలలు కాదు, ఏళ్ళు గడిచాయి. సంఘంలో గుసగుసలు బయల్దేరాయి. రహస్యంగా తాగుతున్నాడన్నారు. ఎక్కడో రెండో సంసారం ఉందన్నారు. ఆయన చెవిన పడేవి. చెంప రుద్దుకొని ఊరుకునేవాడు.

పాస్టరుగారు ఒకసారి నా ఎదుటే ఆయనను కూర్చోబెట్టి మాట్లాడారు. నువ్వు వెళ్ళి క్షమాపణ అడిగావు, నీ వంతు అయిపోయింది, ఇక వచ్చి బల్లలో పాలుపొందు అన్నారు.

"నా వైపు బిగిస్తే అయిపోయేదా అయ్యగారూ?" అన్నాడాయన. "అది కూడా ఒప్పుకోవాల కదా."

పాస్టరుగారు నా వైపు చూశారు. ఈ భాష ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ, ఆ రోజు విప్పి చెప్పలేదు.

షెడ్డులో తమ్ముడి మూల ఖాళీగా ఉండేది. ఇంకెవరినీ పనికి పెట్టుకోలేదు. టీ వాడు అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పెట్టి వెళితే, రెండోది ఎవరైనా వచ్చినవాడికి ఇచ్చేవాడు. ఆ గ్లాసు తాగాలని నేను బడి విడిచాక అటువైపుగా వెళ్ళేవాణ్ణి. ప్రార్థన మాత్రం అదే నిడివి. కొండలు, లారీ, డ్రైవరు, వాడి పిల్లలు. వాటి వెనుక ఇప్పుడు బెళ్ళందూరులో ఒక షెడ్డు కూడా చేరింది. ఈగ మాట అని నవ్వించేవాడు లేడు గనక ఆ ప్రార్థన ఇంకా పొడుగ్గా అనిపించేది.

కొన్నేళ్ళకు ఆయనకు ఆయాసం మొదలైంది. గుండె పెద్దదైందని డాక్టరు చెప్పినట్టు మా ఆవిడ నాకు చెప్పింది. స్కూటర్ తొక్కలేకపోయేవాడు. ఒక రోజు, నన్ను బెళ్ళందూరుకు తీసుకుపోతావా సారూ, ఇంకొక తూరి అడిగి చూస్తా అన్నాడు. వ్యానులో తీసుకువెళ్ళాను.

తమ్ముడి షెడ్డు చుట్టూ అద్దాల మేడలు లేచి ఉన్నాయి. తమ్ముడికి కూడా జుట్టు నెరిసింది. అన్న వ్యాను దిగడానికి పడే అవస్థ చూసి ఒక అడుగు ముందుకు వేశాడు, మళ్ళీ ఆగిపోయాడు. స్టూళ్ళు వేశాడు. టీ వచ్చింది. మేస్త్రన్న ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయాసం వల్ల కొండల దగ్గరనుంచి నేరుగా ఆమెన్‌కు వచ్చేశాడు. తమ్ముడు తల పక్కకు తిప్పుకున్నాడు.

అందరి ముందర నీ పేరు ఎత్తకూడదప్పా, నన్ను మన్నించు అని మేస్త్రన్న ఎప్పటిలాగే అడిగాడు. ఈసారి తమ్ముడు నోరు తెరిచాడు.

"కొట్టింది నేనే. నువ్వు అబద్ధం చెప్పల్యా. నాకి బేజారు దానికి కాదు. ఆ పొద్దు టూలు యాడ ఉండె?"

మేస్త్రన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"నీ డిక్కీలో. నువ్వు యాడ ఉంటివి? ఉపవాస ప్రార్థనలో. నేను మందిరానికి ఫోన్ చేస్తి. ఎవరో ఆయమ్మ ఎత్తి, ప్రార్థన జరగతా ఉండాది, నడుమన పిలిచేకి లేదు అనె. బండాయన పెండ్లికి పోవాలని నా నెత్తి మీద నిలబడె. పొయ్యేముందర నువ్వు నాకి ఏం చెప్పి పోతివి? ఎట్లైనా ముగించి పంపించెయ్ అంటివి."

అతని గొంతు పెరగలేదు. చేతిలో ఉన్న గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"దేవుని భాగం చెప్తివి. నా భాగం చెప్తివి. నీ భాగం యాడన్నా? ఈడ నా షెడ్డులో ఎన్నిసార్లు అడిగినా నాకి ఆ మాట ఎందుకు? చెప్పిన చోటే చెప్పు."

తిరిగి వచ్చేటప్పుడు చాలాదూరం మేస్త్రన్న కిటికీలోనుంచి చూస్తూ కూర్చున్నాడు. హొసకోటె దగ్గర పడ్డాక, "ఫోన్ చేసింది నాకి తెల్దు సారూ" అన్నాడు. మళ్ళీ తనే, "డిక్కీ సంగతి తెలుసు" అన్నాడు. "తెలిసే ఉండె. అది కూడా చెప్పాల్సిందని మాత్రం ఇన్నేండ్లూ తట్టల్యా."

ఆ తరువాత కొన్ని వారాలు ఆయన మందిరానికే రాలేకపోయాడు. వాకిట్లో మంచం వేసుకొని కూర్చునేవాడు. చూడటానికి వెళితే అదే మాట. లేచి నిలబడగలిగే ఆదివారం ఒకటి ఇమ్మని దేవుణ్ణి అడుగుతా ఉండా అనేవాడు. నేను ఆయన బాగుపడాలని ప్రార్థించబోతే, అంత పెద్దది వద్దు సారూ, ఒక్క ఆదివారం చాలని అడుగు అన్నాడు. అట్లాగే అడిగాను.

దేవుడు ఇచ్చాడు. ఒక శనివారం ఆయనకు కాస్త తేలికగా ఉందని తెలిసి, తమ్ముడికి ఫోన్ చేశాను. రేపు మీ అన్న మందిరంలో చెప్పబోతున్నాడు, నువ్వు కూడా ఉంటే బాగుంటుంది అన్నాను. చూస్తాలే సారూ అని పెట్టేశాడు.

ఆ ఆదివారం రొట్టె విరిచే ఆదివారం. మందిరం నిండిపోతే కొంతమంది బయట పందిరి కింద కూర్చుంటారు, వాళ్ళ కోసం గోడకు స్పీకర్ పెట్టి ఉంటుంది. మేస్త్రన్న సాక్ష్యాల సమయంలో నా భుజం పట్టుకొని మైకు దాకా నడిచాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. చివరికి మాట్లాడాడు.

"ఆ పొద్దు ఈడనే నిలబడి నా తమ్ముడు సుత్తితో కొట్టినాడని చెప్తి. ఎందుకు కొట్టినాడో చెప్పల్యా. టూలు నా డిక్కీలో పెట్టుకొని ఈడికి వస్తి. ఎట్లైనా ముగించెయ్ అని చెప్పి వస్తి. వాడు నాకి ఫోన్ చేసినాడు, నేను ప్రార్థనలో ఉంటి. మీ అందరికీ వాని చెయ్యి చూపిస్తి, నా చెయ్యి దాచుకుంటి. ఒప్పుకుంటా ఉండా. వాడు మంచి పనోడు. అంతే."

హల్లెలూయా అని ఎవరూ అనలేదు. ఇట్లాంటిదానికి అనవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. నేను చుట్టూ చూశాను, తమ్ముడు ఎక్కడా కనబడలేదు. ఆయనను నడిపించుకొని వచ్చి బెంచీలో కూర్చోబెట్టాను. పళ్ళెం వచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకొని, అందులోకి చూసి, నాకు ఇచ్చాడు. నేను తీసుకోకుండా, చెప్పేశావు కదన్నా, ఇక తీసుకో అని చెవిలో అన్నాను. ఆయన తలుపు వైపు చూశాడు.

"వాడు రాలేదు కదా సారూ" అన్నాడు.

ఆ గురువారం పొద్దున ఆయన వెళ్ళిపోయాడు. ముఖం కడుక్కొని వాకిట్లో కూర్చొని, టీ గ్లాసు ముందు పెట్టుకొని, కళ్ళు మూసుకొని ఉన్నాడట. ఇంట్లోవాళ్ళు ఇంకా ప్రార్థనలోనే ఉన్నాడనుకొని చాలాసేపు కదిలించలేదు.

సమాధికి తమ్ముడు వచ్చాడు. అందరితోపాటు గుప్పెడు మన్ను వేశాడు. పాస్టరుగారు పునరుత్థానపు నిరీక్షణను గురించి బాగా మాట్లాడారు. పాడవలసిన పాట డోలక్ లేకుండా సాగింది. జనం కదిలిపోయారు. నేను వ్యాను దగ్గర నిలబడి ముసలివాళ్ళను ఎక్కిస్తుంటే తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళను కూర్చోబెట్టి, అతనితో కలిసి సమాధి దాకా మళ్ళీ నడిచాను.

"ఆదివారం నేను వస్తి సారూ" అన్నాడు.

ఎక్కడికని అడిగాను.

"మందిరం కాడికే. మీ వ్యాను పక్కన నిలబడుంటి. స్పీకర్లో అంతా వింటి. లోపలికి రావాలనే వస్తి సారూ, చెప్పులు కూడా విడిస్తి." అతను మట్టిలోకి చూస్తున్నాడు. "మళ్ళా తొడుక్కుంటి. ఇన్నేండ్లు నేను బయట ఉండల్యా, మా అన్న ఇంకొక్క నెల ఉండనీ అనుకుంటి."

నాకు తెలిసిన బైబిలు వాక్యాలన్నీ నోటి దాకా వచ్చాయి. ఏ ఒక్కటీ ఆ మనిషి ముఖం చూస్తూ చెప్పగలిగేదిగా అనిపించలేదు. నా పక్కన కూర్చొని తలుపు వైపు చూసిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. ఆ తలుపుకు అవతల, కొద్ది అడుగుల దూరంలోనే ఇతను ఉన్నాడు. ఆ చూపు సంగతి అతనికి చెప్పకూడదనుకున్నాను, చెప్పలేదు. అతను కూడా ఆ రొట్టె సంగతి అడగలేదు. ఊరంతా ఎరిగినదే, అతనికీ తెలిసే ఉంటుంది.

"ఒక ప్రార్థన చెయ్యండి సారూ" అన్నాడు. "నేను వింటినని మా అన్నకి చెప్పమని దేవునికి చెప్పండి."

చనిపోయినవారి కోసం మేము ప్రార్థించం. ఊపిరి ఆగిన తరువాత మనిషికి ఇక్కడినుంచి ఏదీ అందదని మా నమ్మకం. నేను కూడా పిల్లలకు అదే నేర్పాను, ఇప్పటికీ అదే నమ్ముతాను. అతనూ అదే సంఘంలో పుట్టి పెరిగినవాడు. తెలియక అడిగిన మాట కాదు.

అతని చెయ్యి పట్టుకున్నాను. అది కూడా అన్న చెయ్యి లాగే గట్టిగా, నూనె వాసన వేస్తూ ఉంది. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఆ ఆదివారం ఆయన తమ్ముడు వచ్చాడు, బయట నిలబడి అంతా విన్నాడు, ఈ మాట ఆయనకు చెప్పు అన్నాను. ఆమెన్ అన్నాను.

తమ్ముడు ఆమెన్ అనలేదు. నా చెయ్యి వదల్లేదు.

"ఇంకొక తూరి చెప్పండి సారూ" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.